చెక్ చేసిన ఫైల్ ఒకటి, ప్రొడక్షన్‌కి వెళ్లిన ఫైల్ ఇంకొకటి

2024 ఫిబ్రవరిలో ఒక మంగళవారం సాయంత్రం మా డిప్లాయ్‌మెంట్ ఫైళ్లన్నీ సెక్యూరిటీ చెక్‌లో పాస్ అయ్యాయి. ఆకుపచ్చ టిక్కులన్నీ ఒకటికి రెండుసార్లు చూసుకునే రిలీజ్ చేశాం. మర్నాడు పొద్దున పది కాకముందే క్లయింట్ సెక్యూరిటీ టీమ్ మేడమ్ ఫోన్ చేసి, "మీ ప్రొడక్షన్ నేమ్‌స్పేస్‌లో ఒక కంటైనర్ ప్రివిలేజ్డ్‌గా నడుస్తోంది, మీ రిపోర్ట్‌లో మాత్రం అలాంటిది ఒక్కటీ లేదని రాశారు, ఏది నిజం?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. రెండూ నిజమే అని తెలియడానికి మధ్యాహ్నం దాటింది.

కుబెర్నెటిస్ (చాలా మెషీన్ల మీద కంటైనర్లని నడిపే సిస్టమ్) మీద పనిచేసేవాళ్లకి, ముఖ్యంగా ఈ కంప్లయన్స్ పని, అంటే భద్రతా నియమాలు పాటిస్తున్నామని చూపించే పని కొత్తగా నెత్తిన పడ్డవాళ్లకి ఉపయోగపడుతుందని మొదటి నుంచి రాస్తున్నాను. ముందుగా కొన్ని మాటలు: ఒక ప్రోగ్రామ్‌ని దానికి కావాల్సినవన్నీ కలిపి విడిగా నడిపేది కంటైనర్, కంటైనర్లు ఉండే గుంపు పాడ్, పాడ్లు నడిచే మెషీన్ నోడ్, నోడ్లన్నీ కలిస్తే క్లస్టర్, క్లస్టర్‌లో విడదీసిన ఒక భాగం నేమ్‌స్పేస్. ప్రివిలేజ్డ్ అంటే కంటైనర్‌కి అది నడిచే మెషీన్ మీదే దాదాపు అన్ని అధికారాలూ ఇవ్వడం.

మేం హైదరాబాద్‌లో కూర్చుని కార్డ్ చెల్లింపులకి సంబంధించిన ఒక క్లయింట్ పని చూస్తాం. కార్డుల వ్యాపారంలో ఉన్నవాళ్లందరికీ కార్డుల సమాచార భద్రతా ప్రమాణమైన పీసీఐ డీఎస్ఎస్ పాత 3.2.1 వెర్షన్ గడువు 2024 మార్చి 31తో ముగిసిపోయింది, ఆలోపు 4.0కి మారాల్సి వచ్చింది. ఆ హడావుడిలో క్లయింట్ ఒక షరతు పెట్టింది: ఇకపై కంటైనర్లకి సంబంధించిన ప్రతి కాన్ఫిగరేషన్ ఫైల్‌నీ, అంటే ఇమేజ్‌ని (కంటైనర్‌కి మూసలాంటి ప్యాకేజీని) తయారుచేసే డాకర్‌ఫైల్, క్లస్టర్‌లో ఏం నడపాలో చెప్పే యామెల్ మ్యానిఫెస్ట్, ఆ యామెల్‌ని టెంప్లేట్ల నుంచి తయారుచేసే హెల్మ్ చార్ట్ అన్నిటినీ, డిప్లాయ్‌మెంట్‌కి ముందే చెక్ చేసి రిపోర్ట్ జతచేయాలి, రిపోర్ట్ లేకపోతే రిలీజ్ లేదు. మా టీమ్‌లో ఆ పని నాకిచ్చారు. ఉన్నవి 23 సర్వీసులు, చేతిలో ఉన్నది రెండు నెలలు.

మొదటి రోజే చెకోవ్, ట్రివీ అనే రెండు స్కానర్లూ దించుకుని మొత్తం రిపాజిటరీ మీద నడిపాను. 400 పైచిలుకు ఫెయిల్యూర్స్ వచ్చాయి. ఆ ఎర్ర గీతలు చూసి టెన్షన్ పట్టుకుంది, మేనేజర్‌కి ఎలా చెప్పాలో కూడా తోచలేదు. సర్వీసుల వారీగా చూస్తే ఇది రెండేళ్ల పనిలా కనబడింది. రాత్రి ఇంటికెళ్లాక అదే రిపోర్ట్‌ని తప్పు రకం ప్రకారం సార్ట్ చేసి చూస్తే, ఉన్నవి ఏడెనిమిది రకాల తప్పులే, అవే అన్ని సర్వీసుల్లోనూ రిపీట్ అవుతున్నాయి. కంటైనర్ రూట్ (అన్ని అధికారాలున్న) యూజర్‌గా నడవడం, ప్రివిలేజ్ ఎస్కలేషన్‌ని, అంటే ప్రోగ్రామ్ తన అధికారాలు పెంచుకోవడాన్ని ఆపకపోవడం, లైనక్స్ కేపబిలిటీస్ (రూట్ అధికారాల ముక్కలు) డ్రాప్ చేయకపోవడం, రూట్ ఫైల్‌సిస్టమ్ రాయడానికి తెరిచి ఉండటం, ఇమేజ్‌కి కచ్చితమైన వెర్షన్ బదులు లేటెస్ట్ ట్యాగ్, అవసరం లేకపోయినా క్లస్టర్‌తో మాట్లాడటానికి వాడే సర్వీస్ అకౌంట్ టోకెన్ ప్రతి పాడ్‌లోనూ మౌంట్ కావడం లాంటివి. మా సర్వీసుల్లో ఎక్కువ భాగం ఒకే కామన్ హెల్మ్ చార్ట్ మీద ఆధారపడతాయి కాబట్టి అక్కడ సెక్యూరిటీ కాంటెక్స్ట్ (ఈ అధికారాల సెట్టింగులుండే భాగం) సరిచేస్తే సగానికి పైగా తగ్గిపోతాయని అర్థమైంది. ఈ పని మొదలుపెట్టేవాళ్లు మొదట చేయాల్సింది ఇదే, తప్పుల సంఖ్య పక్కన పెట్టి రకాలు లెక్కపెట్టుకోండి.

డెవలపర్లని ఒప్పించడం ఇంకో ఎత్తు. "అన్నా, నా ల్యాప్‌టాప్‌లో బానే నడుస్తోంది, క్యూఏలో బానే నడుస్తోంది, రూట్ అయితే ఏమైంది, అది కంటైనర్ లోపలే కదా" అని ఒక తమ్ముడు అడిగాడు. అడిగినదాంట్లో తప్పు లేదు, చాలామంది అనుకునేదే అది. మాటలతో చెప్పడం కన్నా చూపించడం మేలనిపించి, టెస్ట్ క్లస్టర్‌లో ఒక పాడ్‌ని ప్రివిలేజ్డ్ ట్రూ అని పెట్టి లేపి, మీటింగ్ రూమ్‌లో స్క్రీన్ మీద వేశాను. లోపలికెళ్లి డిస్కుల జాబితా అడిగితే నోడ్ అసలు డిస్క్ పార్టిషన్లతో సహా కనబడింది. దాన్ని కంటైనర్ లోపల ఒక ఖాళీ ఫోల్డర్ మీద మౌంట్ చేశాను. అంతే, ఆ మెషీన్ డిస్క్ మీదున్న ఫైళ్లన్నీ మా ముందున్నాయి. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత రూట్ సంగతి చెప్పాను. ప్రివిలేజ్డ్ కాకపోయినా రూట్ ప్రమాదమే, 2019లో కంటైనర్లని లేపే రన్‌సీ అనే ప్రోగ్రామ్‌లో బయటపడ్డ సీవీఈ-2019-5736 లోపంలో కంటైనర్ లోపల రూట్‌గా ఉన్న ప్రోగ్రామ్, హోస్ట్ (కంటైనర్ నడిచే మెషీన్) మీద ఉన్న రన్‌సీ బైనరీనే మార్చేయగలిగేది. కంటైనర్ గోడ అనుకుంటాం కానీ అది ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయైన కర్నెల్ గీసిన గీత. ఆ గీతలో ఎక్కడైనా సందు దొరికిన రోజున లోపలున్నవాడు రూటా, మామూలు యూజరా అన్నదే తేడా తెస్తుంది.

దాని తర్వాత "స్కిప్ చేసేయ్ అన్నా" అనే మాటలు తగ్గాయి. పూర్తిగా ఆగలేదు, తగ్గాయి.

ఇక సరిచేయడం మొదలైంది, అసలు కష్టం అక్కడే ఉంది. స్కానర్ ఒక లైన్‌లో చెప్పేస్తుంది, రూట్ ఫైల్‌సిస్టమ్‌ని రీడ్-ఓన్లీ చేయి అని. చేశాం. ఫ్రంటెండ్ పేజీలు ఇచ్చే ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్ పాడ్ వెంటనే పడిపోయి, లేచి, మళ్లీ పడిపోవడం మొదలుపెట్టింది. లాగ్‌లో మొదట కనబడిన లైన్, డిఫాల్ట్ కాన్ఫ్ ఫైల్‌ని మార్చలేకపోయాను, రీడ్-ఓన్లీ ఫైల్ సిస్టమా? అని ఒక ప్రశ్న గుర్తుతో ఉంది. మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి, నేను కలిసి ఆ లైన్ మీదే ముప్పావు గంట కూర్చున్నాం. తీరా చూస్తే అది సమాచారం మాత్రమే, ఎర్రర్ కాదు, ఐపీవీ6 కోసం స్టార్టప్ స్క్రిప్ట్ ఒక ప్రయత్నం చేసి కుదరక వదిలేసి ముందుకెళ్తుంది. అసలు చావు దెబ్బ కింద ఉంది: క్యాష్ ఫోల్డర్‌లో క్లయింట్ టెంప్ అనే డైరెక్టరీ సృష్టించలేకపోయాను, ఎర్రర్ 30, అంటే రీడ్-ఓన్లీ ఫైల్‌సిస్టమ్. ఎన్‌జిన్‌ఎక్స్‌కి రాసుకోవడానికి క్యాష్ ఫోల్డర్, ప్రాసెస్ నంబర్ రాసుకునే పిడ్ ఫైల్ ఉండే రన్ ఫోల్డర్, మామూలు టెంప్ ఫోల్డర్ కావాలి. ఆ మూడు చోట్లా ఎంప్టీడిర్ వాల్యూమ్‌లు (పాడ్ ఉన్నంతసేపే ఉండే ఖాళీ ఫోల్డర్లు) పెట్టాం, పోర్ట్ 80 బదులు 8080 మీద వినే అన్‌ప్రివిలేజ్డ్ ఇమేజ్‌కి మారాం, పాడ్ నిలబడింది. అప్పటి నుంచి ప్రతి సర్వీసుకీ ఒకే పద్ధతి పెట్టుకున్నాం. ముందు టెస్ట్ క్లస్టర్‌లో రీడ్-ఓన్లీ ఆన్ చేయి, ఎక్కడ ఏడుస్తుందో చూడు, ఆ ఫోల్డర్‌ని మాత్రమే తెరువు. ఊహించి ముందే నాలుగు ఫోల్డర్లు తెరిచేయకూడదు. స్ప్రింగ్ బూట్ సర్వీసులకి దాదాపు అన్నిటికీ టెంప్ ఫోల్డర్ ఒక్కటి చాలింది.

నోడ్ జేఎస్ సర్వీసులు వేరే రకంగా ఏడిపించాయి. డాకర్‌ఫైల్‌లో యూజర్ నోడ్ అని ఉంది, యామెల్‌లో రన్-యాజ్-నాన్-రూట్ ట్రూ అని పెట్టాం, రెండు స్కానర్లూ శభాష్ అన్నాయి, పాడ్ మాత్రం లేవలేదు. ఇమేజ్‌లో యూజర్ పేరు అంకె కాదు కాబట్టి రూట్ కాదని నిర్ధారించలేను అని కుబెలెట్ (ప్రతి మెషీన్ మీదా పాడ్లని లేపే ప్రోగ్రామ్) మొరాయించింది. దాని దృష్టిలో నోడ్ అనేది ఒక పేరు మాత్రమే, ఆ పేరు వెనక రూట్ నంబరైన సున్నా ఉండొచ్చు కదా. డాకర్‌ఫైల్‌లో పేరు తీసేసి 1000 అని అంకె రాస్తే సరిపోయింది. నిజానికి చెకోవ్ పదివేలకి పైన ఉండే యూజర్ ఐడీ వాడమంటుంది, హోస్ట్ మీద ఉన్న యూజర్లతో కలవకుండా ఉండాలని. మొదటి విడతలో దాన్ని పట్టించుకోలేదు, అది తప్పు నిర్ణయం అని ఇప్పటికీ అనుకోవడం లేదు. స్కానర్ అన్న ప్రతి మాటకీ బిల్డ్ ఆపితే జనం స్కానర్‌నే తీసేయమంటారు. ప్రివిలేజ్డ్, హోస్ట్ నెట్‌వర్క్, హోస్ట్‌పాత్ (మెషీన్ ఫోల్డర్‌ని పాడ్‌లోకి తేవడం), రూట్, ఎస్కలేషన్, బయటికి కనబడే పాస్‌వర్డ్ వీటికి మాత్రం ఎవరు అడిగినా సరే బిల్డ్ ఆగాల్సిందే, సీపీయూ లిమిట్ లేదనో లేబుల్ లేదనో ఆపక్కర్లేదు.

ఒక సర్వీసుకి మాత్రం పాత డిస్క్ ఉంది, రెండేళ్లుగా రూట్‌గా రాసిన లక్షల చిన్న చిన్న ఫైళ్లతో. నాన్-రూట్ చేయగానే పర్మిషన్ డినైడ్. ఎఫ్ఎస్ గ్రూప్ (డిస్క్ మీది ఫైళ్లు ఏ గ్రూప్‌కి చెందాలో చెప్పే సెట్టింగ్) పెడితే పర్మిషన్ వచ్చింది, కానీ పాడ్ లేవడానికి పావుగంట పట్టింది, ఎందుకంటే ప్రతిసారీ మౌంట్ చేసేటప్పుడు అన్ని ఫైళ్ల గ్రూప్‌నీ మార్చుకుంటూ పోతుంది. ఎఫ్ఎస్ గ్రూప్ చేంజ్ పాలసీని ఆన్-రూట్-మిస్‌మ్యాచ్ అని పెట్టాక, పై ఫోల్డర్ సరిగా ఉంటే లోపలికి వెళ్లకుండా వదిలేస్తోంది, రెండోసారి నుంచి నిమిషంలోపే లేచింది.

ఇంత చేసి, ఫిబ్రవరి మొదటి వారానికి రిపోర్ట్ శుభ్రంగా వచ్చింది. అప్పుడే ఆ మంగళవారం రిలీజ్.

ఫోన్ వచ్చాక మొదట క్లస్టర్‌లో చూశాను. నిజమే, ఒక పేమెంట్ సర్వీస్ పాడ్‌లో డీబగ్ అనే రెండో కంటైనర్ ఉంది, ప్రివిలేజ్డ్ ట్రూ. మా రిపాజిటరీలో టెంప్లేట్ తెరిచి చూస్తే, డీబగ్ ఎనేబుల్డ్ అయితేనే ఆ కంటైనర్ రావాలి అని షరతు రాసి ఉంది, టెంప్లేట్‌లో నింపే విలువలుండే డిఫాల్ట్ వాల్యూస్ ఫైల్‌లో అది ఫాల్స్. మరి ట్రూ ఎక్కడిది? ప్రొడక్షన్ వాల్యూస్ ఫైల్‌లో. అంతకు ముందు ఏడాది ఎప్పుడో సర్వీస్ స్లో అయినప్పుడు నెట్‌వర్క్ ప్యాకెట్లు పట్టి చూడటానికి ఎవరో ఆన్ చేశారు, పని అయ్యాక ఆపడం మర్చిపోయారు. మా పైప్‌లైన్‌లో చెక్ చేసే స్టెప్ హెల్మ్ టెంప్లేట్‌ని డిఫాల్ట్ వాల్యూస్‌తో రెండర్ చేసి, అంటే విలువలు నింపి యామెల్‌గా మార్చి, స్కానర్‌కి ఇస్తోంది. డిప్లాయ్ చేసే స్టెప్ ప్రొడక్షన్ వాల్యూస్‌తో రెండర్ చేసి క్లస్టర్‌కి పంపుతోంది. ఇన్నాళ్లూ మేం ఎంతో శ్రద్ధగా చెక్ చేసిన ఫైల్ ఏ క్లస్టర్‌కీ ఎప్పుడూ వెళ్లలేదు. ఆ స్టెప్ రాసింది నేనే, కాబట్టి ఆ మేడమ్‌కి నేనే ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ కోప్పడలేదు, "సరే, ఇలాంటిది మళ్లీ జరగకుండా ఏం మారుస్తున్నారో రేపు రాసి పంపండి" అన్నారు.

ఇంకో సంగతి కూడా ఆ రోజే తెలిసింది. ఆ మేడమ్ టీమ్ ప్రొడక్షన్ నేమ్‌స్పేస్ మీద పాడ్ సెక్యూరిటీ అడ్మిషన్ (పాడ్లు భద్రతా నియమాలు పాటిస్తున్నాయా అని క్లస్టరే చూసే ఏర్పాటు) లేబుళ్లు పెట్టి ఉంచారు, ఆపే మోడ్‌లో కాదు, హెచ్చరించే వార్న్, రాసిపెట్టుకునే ఆడిట్ మోడ్‌లలో. అంటే మేం డిప్లాయ్ చేసినప్పుడే మా పైప్‌లైన్ లాగ్‌లో హెచ్చరిక వచ్చే ఉండాలి. వెతికితే ఉంది. డీబగ్ కంటైనర్ ప్రివిలేజ్డ్ ట్రూ పెట్టకూడదు, ఇది రిస్ట్రిక్టెడ్ నియమానికి విరుద్ధం అని పేరు పెట్టి మరీ చెప్పింది. వందల లైన్ల లాగ్ మధ్యలో ఒక లైన్. చివర సక్సెస్ అని ఉంటే పైన ఏముందో ఎవరూ చదవరు.

మార్పు చిన్నదే. రెండర్ చేయడం ఒక్కసారే, అదీ ఆ ఎన్విరాన్‌మెంట్‌కి చెందిన వాల్యూస్‌తో. వచ్చిన యామెల్‌ని ఒక ఫైల్‌గా దాస్తాం, స్కానర్‌కి ఆ ఫైలే, రిపోర్ట్‌లో దాని చెక్‌సమ్ (ఫైల్‌లో ఒక్క అక్షరం మారినా మారిపోయే గుర్తు), డిప్లాయ్ స్టెప్ క్లస్టర్‌కి పంపేదీ ఆ ఫైలే, చెక్‌సమ్ కలవకపోతే ఆగిపోతుంది. ఇలా మార్చిన మొదటి రోజు మిగతా సర్వీసుల ప్రొడక్షన్ వాల్యూస్ నుంచి ఇంకో 11 తప్పులు బయటపడ్డాయి. అందులో ఒకటి డేటాబేస్ పాస్‌వర్డ్, మామూలు సెట్టింగులు ఉంచే కాన్ఫిగ్‌మ్యాప్‌లో బేస్64లో రాసి ఉంది. "ఎన్‌క్రిప్ట్ చేసే పెట్టాం కదా అన్నా" అన్నారు. బేస్64కి తాళం లేదు, ఎవరైనా ఒక కమాండ్‌తో తెరవొచ్చు. గిట్‌లో ఆ లైన్ తీసేసినా చరిత్రలో ఉంటుంది కాబట్టి పాస్‌వర్డ్‌నే మార్పించాం. దానికి డేటాబేస్ టీమ్ చుట్టూ తిరగడానికే రెండు రోజులు పోయాయి.

తర్వాత మేడమ్ టీమ్ పాడ్ సెక్యూరిటీ అడ్మిషన్‌లో ఆపే మోడ్, అంటే ఎన్‌ఫోర్స్, ఆన్ చేశారు. కుబెర్నెటిస్‌లో పాత పాడ్ సెక్యూరిటీ పాలసీని 1.25 వెర్షన్‌లో తీసేశారు, దాని బదులు వచ్చింది ఇదే, వదులు నుంచి కఠినం దాకా మూడు మెట్లు: ప్రివిలేజ్డ్, బేస్‌లైన్, రిస్ట్రిక్టెడ్. ఇక్కడ చాలామంది పొరపడే చోటు ఒకటుంది, మేమూ పడ్డాం. ఎన్‌ఫోర్స్ పెడితే తప్పు ఫైల్ ఇచ్చిన వెంటనే క్లస్టర్ తిప్పికొడుతుందని అనుకున్నాం. తిప్పికొట్టదు. డిప్లాయ్‌మెంట్‌ని తీసుకుంటుంది, ఓకే అంటుంది, దాని కింద పాడ్ల సంఖ్య చూసుకునే రెప్లికాసెట్ కొత్త పాడ్‌ని సృష్టించబోయినప్పుడు ఆ పాడ్‌ని ఆపుతుంది. పాత పాడ్లు ఎలాగూ నడుస్తూనే ఉంటాయి, సైట్ బానే ఉంటుంది, డిప్లాయ్ స్టెప్ సక్సెస్ అని చెప్పేస్తుంది, కొత్త వెర్షన్ మాత్రం ఎక్కడా ఉండదు. "నిన్న ఫిక్స్ చేసిన బగ్ ఇంకా వస్తోంది ఏంటన్నా" అని టెస్టింగ్ వాళ్లు అడిగితే గానీ మాకు తెలియలేదు. రెప్లికాసెట్ ఈవెంట్లలో చూస్తే ఫర్బిడెన్ అని వరసగా ఉంది. ఇప్పుడు డిప్లాయ్ తర్వాత రోలౌట్ (కొత్త పాడ్లు లేవడం) పూర్తయ్యేదాకా ఆగే స్టెప్ తప్పనిసరి చేశాం.

రెడీమేడ్ చెక్‌లతో పాటు మా సొంత నియమాలు కూడా కొన్ని కావాల్సి వచ్చాయి, ఇమేజ్ మా రిజిస్ట్రీ (ఇమేజ్‌లు దాచే చోటు) నుంచే రావాలి లాంటివి. వాటిని కాన్ఫిగరేషన్ ఫైళ్లని పరీక్షించే కాన్‌ఫ్టెస్ట్‌లో, నియమాలు రాయడానికి వాడే రెగో భాషలో రాశాను. నెల రోజులు ఒక్క ఫెయిల్యూర్ కూడా రాలేదు. అంతా సరిగా ఉంటే రాదు, నియమం పనిచేయకపోయినా రాదు, బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. అనుమానమొచ్చి కావాలని తప్పు ఇమేజ్‌తో ఒక క్రాన్‌జాబ్ (టైమ్ ప్రకారం నడిచే పని) ఫైల్ రాసి ఇచ్చాను. పాస్ అయింది. కారణం, డిప్లాయ్‌మెంట్‌లో పాడ్ వివరాలు స్పెక్, టెంప్లేట్, స్పెక్ అనే దారిలో ఉంటాయి, క్రాన్‌జాబ్‌లో మధ్యలో జాబ్ టెంప్లేట్ అనే ఇంకో మెట్టు ఉంది. నా నియమం పాత దారిలో వెళ్లి అక్కడేమీ కనబడక మౌనంగా వెనక్కి వచ్చేస్తోంది, రెగోలో లేని ఫీల్డ్‌ని అడిగితే ఎర్రర్ రాదు, ఆ నియమం వర్తించనట్టే. మా రాత్రి సెటిల్‌మెంట్ రిపోర్ట్ నడిచేది క్రాన్‌జాబ్‌గానే. అసలు కంటైనర్ల కన్నా ముందు నడిచే ఇనిట్ కంటైనర్లదీ అదే కథ, కంటైనర్స్ అని రాస్తే అవి అందులోకి రావు. అప్పటి నుంచి ప్రతి నియమం పక్కనా తప్పు ఫైళ్ల ఫోల్డర్ ఒకటి పెట్టాం, ఆ ఫైళ్లు ఫెయిల్ కాకపోతే పైప్‌లైనే ఫెయిల్ అవుతుంది. మీకు ఓపిక లేక ఇందులో ఒక్కటే చేస్తానంటే దీన్నే చేయండి.

మినహాయింపులు లేకుండా మాత్రం కుదరదు. లాగ్‌లు పోగుచేసే ఏజెంట్ ప్రతి నోడ్ మీదా లాగ్ ఫోల్డర్ చదవాలి, అంటే హోస్ట్‌పాత్ కావాలి, బేస్‌లైన్ కూడా దాన్ని ఒప్పుకోదు. దాన్ని వేరే నేమ్‌స్పేస్‌లో పెట్టి, ఆ ఫోల్డర్‌ని రీడ్-ఓన్లీగా మౌంట్ చేసి, ఆ నేమ్‌స్పేస్‌లోకి ఇంకెవరూ డిప్లాయ్ చేయకుండా ఆర్‌బ్యాక్ (ఎవరు ఏం చేయొచ్చో చెప్పే అనుమతులు) కట్టాం. ప్రతి మినహాయింపుకీ కారణం, బాధ్యుడి పేరు, గడువు తేదీ, ఈ మూడూ ఫైల్‌లోనే రాయాలి. తేదీ దాటితే స్కిప్ పనిచేయదు. మొదట్లో తేదీ లేకుండా 30 స్కిప్పులు ఉండేవి, తేదీ రాయమనగానే తొమ్మిది మిగిలాయి. మిగతా 21కి ఎందుకు పెట్టారో చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేరు.

మార్చిలో ఆడిట్‌కి వచ్చినాయన రిపోర్టులు అన్నీ ఓపిగ్గా చూసి ఒక ప్రశ్న అడిగారు. "ఫైల్ అదేనని చెక్‌సమ్ చెబుతోంది, ఒప్పుకుంటాను. ఫైల్‌లో 2.4 అని ఇమేజ్ ట్యాగ్ ఉంది. మీరు స్కాన్ చేసిన 2.4, ఇప్పుడు నడుస్తున్న 2.4 ఒకటేనా?" ట్యాగ్ అనేది చీటీ లాంటిది, అదే చీటీ తీసి ఇంకో ఇమేజ్‌కి అంటించొచ్చు. మా రిజిస్ట్రీలో దాన్ని ఆపే సెట్టింగ్ అప్పటికి లేదు. ఆయన ఎదురుగానే, నడుస్తున్న పాడ్ ఇమేజ్ ఐడీని, రిపోర్ట్‌లోని డైజెస్ట్‌ని (ఇమేజ్‌కి చెక్‌సమ్ లాంటిది) పక్కపక్కన పెట్టి పోల్చి చూపించాను. ఆయన కోరిన అయిదు సర్వీసులకీ కలిశాయి. కలిశాయి కానీ, కలుస్తాయని ముందుగా చెప్పగలిగే స్థితిలో నేను లేను, ఆ పది నిమిషాలూ అరచేతులు చెమట పట్టాయి. ఆ వారమే ఫైళ్లలో ట్యాగ్ పక్కన షా256 డైజెస్ట్ కూడా రాసేలా పైప్‌లైన్ మార్చాం, డైజెస్ట్ లేని ఇమేజ్ ఇప్పుడు స్కానింగ్ దాకా కూడా రాదు.

ఇప్పుడు మిగిలింది ఒక పాత జావా సర్వీస్, ఇంకా రూట్‌గానే నడుస్తోంది. దాని మినహాయింపు గడువు వచ్చే నెల 15. అది ఎక్కడెక్కడ రాస్తుందో జాబితా తీసే పని ఆ కొత్త అమ్మాయి తీసుకుంది. నిన్నటికి మూడు ఫోల్డర్లు తేలాయి, నాలుగోది నెలాఖరు బ్యాచ్ నడిచినప్పుడు మాత్రమే కనబడుతుందని ఆమె అనుమానం. అందుకే నెలాఖరు దాకా టెస్ట్ క్లస్టర్‌లో రీడ్-ఓన్లీ ఆన్ చేసి వదిలేశాం.